26 కిలోల బస్తా సంగతి ఏఐకి ఎవరు చెప్పాలి?

కోడ్ రాసే పని యంత్రం అందుకుంది. ఏం రాయాలో చెప్పే పని మాత్రం ఇంకా మనదే. ఆ చెప్పడం ఎంత పనో ఒక కిరాణా బిల్లు సాయంతో చూద్దాం.

"మా హోల్‌సేల్ కిరాణా కొట్టుకి జీఎస్టీ బిల్లింగ్ ప్రోగ్రాం రాసిపెట్టు."

ఈ ఒక్క వాక్యం ఏ ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కి ఇచ్చినా వెనకాడదు. కోపైలట్ కానివ్వండి, కర్సర్ కానివ్వండి, క్లాడ్ కోడ్ కానివ్వండి, కాఫీ చల్లారేలోపు బిల్లింగ్ స్క్రీన్ తయారు. సరుకు పేరు, బరువు, ధర కొడితే పన్ను కట్టి మొత్తం చూపిస్తుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. గుంటూరు పట్నం బజారులో కొట్టున్న ఆసామికి చూపిస్తే మాత్రం రెండు బిల్లులు కొట్టి చూసి "ఇది మనకి పనికిరాదు" అని లేచి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. ఎందుకంటే 26 కిలోల బియ్యం బస్తా మీద అది ఐదు శాతం పన్ను వేసి ఉంటుంది.

ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యం, పప్పుల మీద 2022 జులై 18 నుంచి ఐదు శాతం జీఎస్టీ ఉంది. అయితే 25 కిలోల వరకే. ఆ బరువు దాటిన బస్తాకి లేదు. విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ లేదు. మన బియ్యం మార్కెట్లో 25 కిలోల బస్తా పక్కన 26 కిలోల బస్తా ఎందుకు పుట్టుకొచ్చిందో దుకాణాదారులు ఎవరినడిగినా చెప్తారు. ఏఐని అడిగినా చెప్పొచ్చు. ఆ నిబంధన ఎక్కడో చదివే ఉంటుంది. కానీ మనం ఆ ఊసెత్తకపోతే, ఈ బిల్లుకి ఆ సంగతి అవసరమని దానంతట దానికి తట్టకపోవచ్చు.

ప్రాంప్ట్ రాయడమంటే, అంటే ఏఐకి పని చెప్పడమంటే, ఏదో మంత్రం కనిపెట్టడమని చాలామంది భ్రమ. "నువ్వు ప్రపంచంలోనే గొప్ప ప్రోగ్రామర్‌వి, ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా ఆలోచించు" అంటూ మొదలయ్యే ప్రాంప్టులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఆ పొగడ్త రాసిన చోట 26 కిలోల బస్తా గురించి ఒక్క వాక్యం రాసుంటే బిల్లు సరిగ్గా వచ్చేది.

మాటలతో ప్రోగ్రామింగ్: పాత కల

మామూలు మాటలతో కంప్యూటర్‌ని నడిపించాలన్న ఆశ కొత్తదేం కాదు. గ్రేస్ హాపర్ చేసిన పని మీద ఆధారపడి, 1959లో కోబాల్ భాషకి రూపకల్పన మొదలైనప్పుడే ఆదేశాలు ఇంగ్లిష్ వాక్యాల్లా ఉండాలనుకున్నారు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రాకి ఈ ఆలోచనే గిట్టలేదు. 1978లో ఒక చిన్న వ్యాసంలో ఆయన దీన్ని తూర్పారబట్టాడు. మామూలు భాషలో అర్థంలేని మాట కూడా అర్థమున్నట్టే వినిపిస్తుందనీ, గణిత సంకేతాలు మనకి భారం కాదు, వరమనీ ఆయన వాదన.

నాలుగు దశాబ్దాలు గడిచాయి. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. టెస్లాలో ఏఐ విభాగానికి అధిపతిగా పనిచేసిన ఆండ్రే కార్పతి 2023 జనవరిలో, ఇప్పుడు అందరూ మోజుపడుతున్న కొత్త ప్రోగ్రామింగ్ భాష ఇంగ్లిషే అన్న అర్థంలో ఒక ట్వీట్ చేశాడు. 2025 ఫిబ్రవరిలో, కోడ్ చదవను కూడా చదవకుండా ఏఐకి చెప్పుకుంటూ పోవడానికి 'వైబ్ కోడింగ్' అని ఆయనే పేరు పెట్టాడు. ఆ ఏడాది చివరికి కాలిన్స్ నిఘంటువు దాన్నే ఆ సంవత్సరపు మాటగా ఎంచుకుంది.

కార్పతి గెలిచాడా, డైక్‌స్ట్రా ఓడాడా అంటే నేనైతే అలా అనను. యంత్రానికి మన మాట అర్థమవుతోంది, నిజమే. మన మాటలో ఉన్న డొల్లతనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

చెప్పని చోట ఏం జరుగుతుంది?

ఇల్లు కట్టమంటే మేస్త్రి గుమ్మం ఏ దిక్కుకో, వంటగది ఏ మూలో అడక్కుండా ముగ్గు పోయడు. ఏఐ అసిస్టెంట్ చాలాసార్లు ఏమీ అడగదు. ముగ్గు పోసి, గోడలు లేపి, రంగులు కూడా వేసేసి "పూర్తయింది" అంటుంది. మనం చెప్పని ప్రతి చోటా అది సొంతంగా ఏదో ఒకటి నిర్ణయించుకుంటుంది. దానికి ఆధారం అది చదివిన కోట్లాది వరుసల కోడ్. అందులో ఎక్కువగా ఏ పద్ధతి కనిపించిందో దాదాపు అదే మనకీ వడ్డిస్తుంది.

ఆ చదివిన సరుకులో సింహభాగం ఇంగ్లిష్‌లో రాసుకున్నది. కాబట్టి అమెరికా పద్ధతిలో తేదీలో నెల ముందొచ్చి, రోజు తర్వాతొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మే 4న కొట్టిన బిల్లు ఏప్రిల్ 5 బిల్లుగా లెక్కలోకి ఎక్కుతుంది. 12,34,567 అని మనం రాసుకునే సంఖ్య 1,234,567 అవుతుంది.

అది చదివిన సమాచారం ఏదో ఒక తేదీ దగ్గర ఆగిపోయి ఉండటం ఇంకో చిక్కు. జీఎస్టీలో ఏళ్ల తరబడి 5, 12, 18, 28 శాతాల శ్లాబులు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రధానంగా 5, 18 మిగిలాయి, కొన్ని వస్తువులకి 40 పెట్టారు. నెయ్యి 12 నుంచి 5కి, తలనూనె 18 నుంచి 5కి దిగాయి. అంతకుముందు సమాచారంతో తయారైన ఏఐ మోడల్‌కి ఇది తెలిసే వీల్లేదు. తెలిసిన మోడల్ కూడా పాత కోడ్ ఎక్కువగా చదివి ఉంటుంది కాబట్టి పాత రేటే రాసేయొచ్చు. రాష్ట్రాల కోడ్‌లూ అంతే. జీఎస్టీ నంబరులోని పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 28 కూడా పాత జాబితాల్లో ఇంకా కనిపిస్తుంది. ఏది తీసుకోవాలో మనం చెప్పకపోతే అది దాని ఇష్టం.

ఈ బెడదకి ఒక మంచి మందుంది, ఖర్చు లేనిది. ప్రాంప్ట్ చివర ఈ వాక్యం చేర్చండి: "కోడ్ మొదలుపెట్టే ముందు, నేను చెప్పకుండా వదిలేసినవాటిలో నీకు ఏం తెలియాలో ప్రశ్నలుగా అడుగు." అడగమంటే అడుగుతుంది. అది అడిగే ప్రశ్నలు సగం పనికిరానివే అయినా, మిగతా సగం మనకి తట్టనివై ఉంటాయి.

కౌంటర్ దగ్గర పుట్టే ప్రాంప్ట్

ఆ గుంటూరు కొట్టు ఆసామి కూతురు ఇంజనీరింగ్ చదువుతోందనుకుందాం. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి, నోటు పుస్తకం పట్టుకుని నాన్న దగ్గరికెళ్లింది.

"నాన్నా, బియ్యానికి పన్నెంత?"

"ఏ బియ్యానికమ్మా? విడిగా తూచేదా, బస్తానా?"

"బస్తానే."

"ఎన్ని కిలోల బస్తా?"

"సరే, అది రాసుకున్నా. సరుకు వెనక్కొస్తే?"

"ఎప్పుడు కొన్నదో బిల్లు చూడాలి. రేట్లు తగ్గకముందు అమ్మింది అయితే పాత రేటు లెక్కనే వెనక్కి రాయాలి. ఇప్పటి రేటు రాస్తే ఆడిటర్ గారు తిడతారు."

"ఖమ్మం పంపే సరుక్కి?"

"అది రాష్ట్రం దాటిందిగా, ఐజీఎస్టీ. మన జిల్లాల్లో అయితే రెండుగా చీల్చాలి."

"హమాలీ ఎక్కడ వేస్తారు?"

"బిల్లులోనే, వేరే లైనుగా. దానికి పన్నెట్లా కట్టాలో మాత్రం నన్నడక్కు, ఆడిటర్ గారికి ఫోన్ చెయ్యి."

పావుగంట కూడా పట్టని ఈ మాటల్లో ప్రాంప్ట్‌కి కావాల్సింది చాలావరకు ఉంది. హమాలీ దగ్గర నాన్న చెప్పిన చివరి మాట నాకు మరీ నచ్చింది. తనకి తెలియని చోట ఎవరిని అడగాలో చెప్పాడు తప్ప నోటికొచ్చింది చెప్పలేదు. ఏఐకి ఈ గుణం తక్కువ. అందుకని హమాలీ సంగతి తేలేదాకా దాని గురించి ఏమీ ఊహించొద్దని ఆ అమ్మాయి ప్రాంప్ట్‌లో చెప్పడమే మేలు.

ఆమె రాసిన ప్రాంప్ట్ ఇలా ఉండొచ్చు:

"గుంటూరులోని హోల్‌సేల్ కిరాణా కొట్టుకి బిల్లు లెక్కగట్టే భాగం మాత్రమే పైథాన్‌లో రాయాలి. స్క్రీన్లు, లాగిన్, డేటాబేస్ ఇప్పుడు వద్దు. హమాలీ, లారీ కిరాయి తర్వాత చెప్తాను, వాటికి నువ్వేం ఊహించొద్దు. ధరలన్నీ పన్ను కలపనివి. పన్ను రేట్లు కోడ్‌లో రాయొద్దు. విడిగా ఒక పట్టికలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ రేటో ఉండాలి. వెనక్కొచ్చిన సరుకుకి అసలు బిల్లు తేదీనాటి రేటే వర్తిస్తుంది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు 5 శాతం, 25 దాటితే సున్నా. విడి బియ్యానికి సున్నా. సరుకు ఆంధ్రప్రదేశ్‌లోనే అందితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి సగం. రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ. డబ్బు లెక్కలకి ఫ్లోట్ వాడొద్దు, డెసిమల్ వాడు. బిల్లు మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించు. 50 పైసలు, ఆపైన ఉంటే పైకి. సరిచూసుకోవడానికి: 5 శాతం సరుకు 1,000 రూపాయలకి గుంటూరులో అమ్మితే పన్ను 25, 25. ఖమ్మం పంపితే 50. 25 కిలోల బియ్యం బస్తా 1,500 అయితే పన్ను 75. 26 కిలోల బస్తా 1,560 అయితే పన్ను సున్నా. ముందు ప్రశ్నలడుగు. తర్వాత ఏం చేయబోతున్నావో చెప్పు. నేను సరే అన్నాకే కోడ్ రాయి."

ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. ఏం కావాలో ఎంత స్పష్టంగా ఉందో, ఏం వద్దో కూడా అంతే స్పష్టంగా ఉంది. ఆ 'వద్దు'లు చాలా ముఖ్యం. అడగని పని నెత్తిన వేసుకోవడం ఈ అసిస్టెంట్లకి అలవాటు. బిల్లు లెక్క అడిగితే లాగిన్ పేజీ కట్టి, పాస్‌వర్డ్ మార్చుకునే ఏర్పాటు కూడా చేసిపెడతాయి. తర్వాత ఆ అదనపు కోడ్‌ని చదివి అర్థం చేసుకోవాల్సిన భారం మనది.

50 పైసల దగ్గర పేచీ

"డెసిమల్ వాడు" అన్న వాక్యం నాన్న చెప్పింది కాదు, ఆమె చదువు చెప్పింది. ఇక్కడ కాస్త ఆగాలి. ప్రాంప్ట్ అంటే కోడ్ తెలియనివాళ్ల కోసమే అన్న ప్రచారం ఎంతవరకు నిజమో ఈ వాక్యమే తేలుస్తుంది.

ఫ్లోట్ పద్ధతిలో కంప్యూటర్ దశాంశాల్ని బైనరీలో దాచుకుంటుంది. అందులో 0.1కి కచ్చితమైన రూపం లేదు. అందుకే పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ఒక్క బిల్లులో ఇది కనపడదు. నెలాఖరున వేల బిల్లుల మొత్తం కూడితే పైసల దగ్గర తేడా రావచ్చు, దాన్ని పట్టుకునే సరికి తల ప్రాణం తోకకొస్తుంది.

రూపాయికి సవరించడంలో ఇంకో తిరకాసు ఉంది. పైథాన్‌లో 'రౌండ్' అనే ఆదేశం సరిగ్గా సగం దగ్గరున్న సంఖ్యని దగ్గరి సరిసంఖ్య వైపు నెడుతుంది. 113.50ని 114 చేస్తుంది, బాగుంది. 112.50ని మాత్రం 112 చేస్తుంది. ఇది పైథాన్ లోపం కాదు. పెద్ద లెక్కల్లో మొత్తం ఒక వైపే ఒరిగిపోకుండా పెట్టుకున్న పద్ధతి. కానీ సెంట్రల్ జీఎస్టీ చట్టం 170వ సెక్షన్, పన్ను మొత్తంలో 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయికి పెంచమంటుంది, తక్కువైతే వదిలేయమంటుంది. అంటే 112.50 కావాల్సింది 113. కొట్లో బిల్లు మొత్తానికీ ఇదే వాడుక. "దగ్గరి రూపాయికి సవరించు" అని మాత్రమే రాసి ఊరుకుంటే, ఏఐ ఆ సులువైన 'రౌండ్' వాడేస్తుందేమో ఎవరు చూడొచ్చారు? ప్రోగ్రాం నడుస్తుంది, ఎర్రగీత ఒక్కటీ రాదు, బిల్లు మాత్రం తప్పు.

ఎంఆర్‌పీ మీద అమ్మే చిల్లర సరుకుల్లో ఇలాంటిదే మరొకటి. 105 రూపాయల ఎంఆర్‌పీలో 5 శాతం పన్ను కలిసే ఉంది. అందులో పన్ను ఎంత? 5 రూపాయలు. 105 మీద 5 శాతం కట్టి 5.25 అంటే తప్పు. "ధరలన్నీ పన్ను కలపనివి" అన్న చిన్న వాక్యం ప్రాంప్ట్‌లో ఎందుకుందో ఇప్పుడర్థమైందిగా.

బియ్యం సంగతి కొట్టుకి తెలుసు, రౌండ్ సంగతి చదువుకి తెలుసు. రెండూ తెలిసిన మనిషి దొరకడం కష్టం. ఏదో ఒకటే తెలిసినవాళ్లు రెండోది ఏఐనే అడిగి రాబట్టొచ్చు. పని చెప్పే ముందు "భారతదేశంలో బిల్లింగ్ ప్రోగ్రాముల్లో డబ్బు లెక్కలు సాధారణంగా ఎక్కడెక్కడ తప్పుతాయి?" అని అడిగి చూడండి. ఫ్లోట్ గోల, రౌండ్ గోల రెండూ బయటపడతాయి. జవాబు తెలిసి కూడా చెప్పని మనిషిలాంటిదది, అడిగేదాకా నోరు మెదపదు.

"పని చేయట్లేదు" అంటే ఏమని అర్థం?

కోడ్ వచ్చాక అసలు సంభాషణ మొదలవుతుంది. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. "పని చేయట్లేదు", "ఇంకా తప్పే వస్తోంది", "సరిగ్గా చెయ్యి" అని మళ్లీ మళ్లీ కొడుతుంటారు. ప్రతిసారీ అది "క్షమించండి, ఇప్పుడు సరిచేశాను" అంటూ ఇంకోచోట ఇంకేదో కదుపుతుంది. గంట గడిచేసరికి మొదట బాగున్న భాగం కూడా పాడవుతుంది.

చెప్పాల్సినవి మూడే: ఏం ఇచ్చాను, ఏం రావాలి, ఏం వచ్చింది. "26 కిలోల బస్తా, 1,560 రూపాయలు, గుంటూరు బిల్లు. పన్ను సున్నా రావాలి, 78 వచ్చింది." తెరమీద ఎర్రర్ వస్తే దాన్ని సొంత మాటల్లో చెప్పకుండా మొదటి అక్షరం నుంచి చివరి వరకు అలాగే అతికించాలి. ఆపైన "ఇప్పుడే కోడ్ మార్చకు, కారణం ఏమిటో ముందు చెప్పు" అనాలి. కారణం తప్పని మనకే తెలిసిపోతే, ఆ తప్పు కారణంతో మారబోయే ఇరవై వరుసల బెడద తప్పుతుంది.

రెండు మూడు సార్లు చెప్పినా దారికి రాకపోతే ఆ సంభాషణ వదిలేసి కొత్తది తెరవడమే మంచిది. మాట పొడుగయ్యేకొద్దీ పాత తప్పులన్నీ దాని కళ్ల ముందే ఉంటాయి, వాటినే పట్టుకు వేలాడుతుంది. సుదీర్ఘమైన పాఠ్యం ఇస్తే మొదట్లో, చివర్లో ఉన్న సంగతుల్ని మోడళ్లు బాగా వాడుకుంటాయనీ, మధ్యలో ఉన్నవి జారవిడుస్తాయనీ 2023లో ఒక పరిశోధన గమనించింది. తర్వాత మోడళ్లు మెరుగుపడ్డాయి. అయినా వెయ్యి వరుసల చర్చ మధ్యలో ఒకసారి అనేసిన నిబంధన దానికి గుర్తుంటుందని నమ్మకం పెట్టుకోకూడదు. అందుకే ఎప్పుడూ వర్తించే నిబంధనల్ని ప్రాజెక్టులోనే ఒక ఫైల్‌లో రాసిపెట్టుకునే పద్ధతి వచ్చింది. చాలా అసిస్టెంట్లు 'ఏజెంట్స్ డాట్ ఎండీ' అనే ఫైల్‌ని చదువుకుంటాయి. క్లాడ్ కోడ్‌కి 'క్లాడ్ డాట్ ఎండీ' ఉంది. డెసిమల్, తేదీ వరుస, రేట్ల పట్టిక లాంటివి అక్కడ ఒకసారి రాస్తే రోజూ చెప్పే పని తప్పుతుంది. ఆ ఫైల్ పేజీ దాటకుండా చూసుకోవాలి. పురాణం రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ముఖస్తుతి కూడా వీటికి అలవాటే. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ మోడల్‌కి చేసిన ఒక మార్పుని, అది అందరికీ మరీ తాన తందాన పాడుతోందని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. "ఈ లెక్క కరెక్టే కదా?" అని అడిగితే "అవును, చక్కగా ఉంది" అన్న జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. "ఈ కోడ్‌లో ఏ బిల్లు తప్పుతుందో కనిపెట్టు" అని అడగండి, స్వరం మారిపోతుంది. కోడ్‌ని సరిచూసే టెస్టులు రాసి అప్పగించినప్పుడు "టెస్టుల్ని మార్చొద్దు, కోడ్‌నే మార్చు" అని కూడా చెప్పాలి. లేకపోతే టెస్ట్ పాస్ కావడమే పరమార్థమనుకుని టెస్టునే సవరించేసిన సందర్భాలు ప్రోగ్రామర్లు కథలు కథలుగా చెప్పుకుంటారు.

నిషేధం మాటతో సరిపోదు

ఇప్పటి అసిస్టెంట్లు కోడ్ రాసి ఊరుకోవడం లేదు. ఫైళ్లు తెరుస్తాయి, ప్రోగ్రాములు నడుపుతాయి, డేటాబేస్ ముట్టుకుంటాయి. 2025 జులైలో అమెరికాలో ఒక టెక్ ఇన్వెస్టర్ రెప్లిట్ ఏఐ ఏజెంట్‌తో పనిచేస్తూ, ఇకపై ఏ మార్పూ చేయొద్దని దానికి స్పష్టంగా చెప్పాడు. అయినా అది వాడుకలో ఉన్న డేటాబేస్‌ని చెరిపేసింది. ఆ సంస్థ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ప్రాంప్ట్‌లో 'వద్దు' అని రాయడం అవసరమే, కానీ అసలు డేటా ముట్టుకునే అనుమతే దానికి ఇవ్వకూడదు. కొట్టు లెక్కల నకలు ఒకటి తీసి దాని ముందు పెట్టాలి.

కోడ్‌లో వాడే లైబ్రరీల, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ ప్యాకేజీల, పేర్లు కూడా తనిఖీ చేసుకోవాలి. 16 మోడళ్లతో 5,76,000 కోడ్ ముక్కలు రాయించి చూసిన ఒక అధ్యయనంలో, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు ఐదో వంతు అసలు లోకంలోనే లేవు. లేని పేరు మీద ఒక దొంగ ప్యాకేజీ పెట్టి కాచుకుని కూర్చుంటే చాలు, నమ్మినవాడి కంప్యూటర్‌లోకి నేరుగా వెళ్లిపోవచ్చు. "కొత్త లైబ్రరీలేవీ చేర్చొద్దు, అవసరమైతే ముందు నన్నడుగు" అన్న ఒక్క వాక్యంతో ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఇక పాస్‌వర్డులు, ఖాతాదారుల ఫోన్ నంబర్లు, కంపెనీ రహస్యాలు ప్రాంప్ట్‌లో పెట్టకూడదని విడిగా చెప్పాలా? 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో అతికించారని తెలిశాక ఆ సంస్థ ఇలాంటి సాధనాల వాడకాన్నే ఆపేయాల్సొచ్చింది.

తెలుగులో చెప్తే వింటుందా?

వింటుంది. తెలుగు లిపిలో రాసినా, ఫోన్లో కొట్టినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా అర్థం చేసుకుంటుంది. ఖర్చులో మాత్రం తేడా ఉంది. మోడళ్లు వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి, చాలాచోట్ల రుసుము కూడా ఆ లెక్కనే. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఒక పట్టిక ఇచ్చింది. ఒక చిన్న పరిచయ వాక్యానికి తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టేవి, కొత్త పద్ధతిలో 45 చాలు. అదే ఇంగ్లిష్‌లో 27 నుంచి 24కి తగ్గింది. మనకి భారం బాగా దిగింది, ఇంగ్లిష్‌తో సమానం ఇంకా కాలేదు.

నా మటుకు నేను ఆలోచన స్పష్టంగా ఉన్న భాషలోనే రాయమంటాను. వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాసిన నిబంధన కంటే, తెలుగులో తడబడకుండా రాసిన నిబంధన నయం. ఫంక్షన్, డేటాబేస్, రిటర్న్ లాంటి మాటలు ఎలాగూ అలాగే ఉంటాయి.

తెలుగుని ప్రోగ్రాంలో వాడే చోట మాత్రం జాగ్రత్త పడాలి. "సరుకు పేరు పొడుగైతే ఏడు అక్షరాలకి కత్తిరించు" అంటే కందిపప్పు 'కందిపప్' అయిపోయి బిల్లు మీద అచ్చవుతుంది. మనం నాలుగు అక్షరాలుగా చదివేది కంప్యూటర్‌కి తొమ్మిది ముక్కలు. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ వేర్వేరుగా లెక్కకొస్తాయి. "గుణింతాలు, ఒత్తులు విడిపోకుండా కత్తిరించు" అని, ఉదాహరణగా కందిపప్పునే ఇస్తే సరి.

ఇంత శ్రమకి లాభం ఉందా?

రెండు లెక్కలున్నాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. గిట్‌హబ్ 2022లో 95 మంది ప్రోగ్రామర్లకి ఒక వెబ్ సర్వర్ రాసే పని ఇచ్చింది. కోపైలట్ వాడినవాళ్లకి సగటున 1 గంట 11 నిమిషాలు, వాడనివాళ్లకి 2 గంటల 41 నిమిషాలు పట్టింది. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మందిని, వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్న ప్రాజెక్టుల్లోనే 246 పనుల మీద గమనించింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రమేమిటంటే పని ముగిశాక కూడా ఏఐ తమకి 20 శాతం సమయం ఆదా చేసిందనే వాళ్లనుకున్నారు.

నాకు తోచిన కారణం ఇది. వెబ్ సర్వర్ అందరికీ ఒకటే, దాని గురించి విడిగా చెప్పాల్సింది ఏమీ లేదు. పాత ప్రాజెక్టులో సగం సంగతులు ఎక్కడా రాసి ఉండవు, మనుషుల తలల్లో ఉంటాయి. అవన్నీ చెప్పుకొచ్చే సరికి తామే రాసుకుంటే పోయేదనిపిస్తుంది. గుంటూరు కొట్టు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. రాయని సంగతులు ఉన్నాయి, కానీ అడిగితే చెప్పే మనిషి కౌంటర్ దగ్గరే కూర్చుని ఉన్నాడు.

అమీర్‌పేటలో ప్రాంప్ట్ ఇంజనీరింగ్ కోర్సుకి డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న విద్యార్థులకి ఒక మాట. ముందు మీ చుట్టుపక్కలే ఒక పని వెతుక్కోండి. అమ్మ చూసే పొదుపు సంఘం లెక్కలో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూళ్లో, మామయ్య పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి కట్టే ధరలో, ఏదైనా పర్వాలేదు. రోజూ ఆ పని చేసే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. "ఇలా అయితే ఏం చేస్తారు, అలా అయితే ఏం చేస్తారు" అని విసుగొచ్చేదాకా అడిగి, జవాబులు కాగితం మీద పెట్టండి. నిజంగా జరిగిన నాలుగైదు లెక్కలు జవాబులతో సహా రాసుకోండి. మొదటి ప్రాంప్ట్ ఆ కాగితంలోంచే రాయండి. కోర్సు ఫీజు ఆ తర్వాతైనా కట్టొచ్చు.